గాజు వదిన చేతివాటం

ల్యాబులో ఆమెను అందరూ గాజు వదిన అనేవారు. చేతికి ఒక్క గాజు కూడా లేని మనిషికి ఆ పేరెందుకొచ్చిందని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, పాతవాళ్లు నోటితో చెప్పకుండా ఆమె నిలబడి పనిచేసే చోటు చూపించేవారు. ఎదురుగా మూరెడు మందాన గాజు గోడ. సీసం కలిపి పోసిన గాజు కాబట్టి కాస్త పసుపు తిరిగి ఉంటుంది. దానికి అవతల చిన్న గది. ఆ గదిలోకి ఏ మనిషీ అడుగు పెట్టకూడదు. క్యాన్సరు రోగులకు తాగించే రేడియోధార్మిక మందును సీసాల్లో నింపేది అక్కడే. గాజుకు ఇవతల ఆమె ఉంటుంది, అవతల ఆమె చేతులుంటాయి. అంటే ఉక్కు చేతులు, గోడ పైనుంచి లోపలికి వేలాడే పొడవాటివి రెండు. ఇవతల పిడి పట్టుకుని ఆమె మణికట్టు తిప్పితే అవతల పట్టకారు తిరుగుతుంది, వేళ్లు బిగిస్తే అది బిగుస్తుంది. ఇంగ్లీషులో వాటిని మానిప్యులేటర్లు అంటారు. ఇక వదిన అనడం దేనికంటే, ఆమె భర్త ఆ ల్యాబు బండికి డ్రైవరు. ఆయన అందరికీ అన్న, ఈమె అందరికీ వదిన.

ఆ పనిలో ఆమె చేరి ఇరవై ఆరేళ్లయింది. అంతకుముందు చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. ల్యాబులో చెయ్యి నిలకడగా ఉన్నవాళ్లు కావాలంటే, చూద్దాం పోయేదేముందని వెళ్లింది. అప్పట్లో అక్కడ ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. ఉక్కు చేతులతో సూదిలో దారం ఎక్కించమనేవాడు, అదే పరీక్ష. డిగ్రీలున్నవాళ్లు చెమటలు కక్కి చేతులెత్తేసిన చోట ఈమె రెండు నిమిషాల్లో దారం ఎక్కించి, అలవాటు కొద్దీ చివర ముడి కూడా వేసింది. చదువు నేర్పొచ్చు గానీ చెయ్యి నేర్పలేమని చెప్పి మేస్త్రి ఆమెనే తీసుకున్నాడు.

మేస్త్రి పనిలో చెయ్యి తిరిగినవాడే, ఇంగ్లీషులో మాత్రం ఆయనకున్నది ఒక్కటే క్రియాపదం. రిజిస్టరు ఇంగ్లీషులో రాయాలని రూలు. మానిప్యులేటరుతో చేసే పని మానిప్యులేట్ చేయడం కాక మరేమవుతుందని ఆయన వాదన. అందుకని సీసా ఎత్తితే వయల్ మానిప్యులేటెడ్, మూత బిగిస్తే క్యాప్ మానిప్యులేటెడ్, నేల తుడిచినా ఫ్లోర్ మానిప్యులేటెడ్. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా అలాగే రాశారు. చివరికి ఆ మాట గాజు వదిన ఇంట్లోకి కూడా వచ్చేసింది. "ఆ ఉప్పు డబ్బా కాస్త ఇటు మానిప్యులేట్ చెయ్యి" అని భర్త అనడం, ఆమె అందించడం. ఆ మాటకు ఊళ్లో ఇంకో అర్థం ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ అవసరం ఒక మంగళవారం వచ్చింది.

ఆ పొద్దున్న ఒక్కటే సీసా. నూట యాభై యూనిట్ల మందు, దూరాన ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. పదో వంతు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, అంటే నూట ముప్పై ఐదుకు తగ్గకూడదు. మూత పెట్టేలోపల కుడిచేతి పట్టకారులోంచి సీసా జారింది. పడిపోలేదు, ఎడమ చేతితో ఒడిసి పట్టుకుంది. ఒరిగిందన్నది మాత్రం నిజం. కొన్ని చుక్కలు అంచు మీదుగా కారాయి. ఆమె మూత బిగించి, మందు బలం కొలిచే యంత్రం గుంటలో సీసాను దించింది. నూట ఇరవై ఎనిమిది చూపించింది. బయటికి తీసి, తిప్పి, మళ్లీ దించింది. నూట ఇరవై ఏడు. అప్పుడే కింద బండి హారన్ మోగింది. రైలుకు అందించాల్సిన మందు, తొమ్మిదింటికి బండి కదలాలి. మూడోసారి దించింది. నూట ముప్పై ఎనిమిది.

మూడో అంకెను లేబుల్ మీద ఎక్కించి పంపేసింది. రిజిస్టరులో అంకె వేయడానికి ఒక్కటే గడి ఉంది, అందులో నూట ముప్పై ఎనిమిది వేసింది. పక్కనే ఎప్పటి భాషలోనే రాసింది: వయల్ స్లిప్‌డ్. రీడింగ్ మానిప్యులేటెడ్ బై మీ, త్రీ టైమ్స్.

నెల తిరక్కుండానే పై ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. కుర్రతనం వదలని ముఖం, మంచి ఇంగ్లీషు. ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. అతని ఇంగ్లీషులో ఆ వాక్యానికి ఒక్కటే అర్థం: అంకెను నేను మూడుసార్లు తారుమారు చేశాను. దొంగతనం చేసి రసీదు రాసిచ్చినవాళ్లను అతనెప్పుడూ చూసి ఉండడు. ఆ సాయంత్రానికల్లా ఆ పని చేయడానికి ఆమెకున్న లైసెన్సును తాత్కాలికంగా ఆపేశారు. రెండు వారాల తర్వాత విచారణ అన్నారు. ఆస్పత్రికి ఉత్తరం రాస్తే, లేబుల్ ప్రకారమే రోగికి ఇచ్చామని జవాబొచ్చింది. వాళ్లు మళ్లీ కొలిచారో, లేబుల్ చూసి అదే అంకె వేసుకున్నారో ఆ కాగితం చెప్పలేదు.

ఇంట్లో కూర్చున్న ఆ రెండు వారాలూ గాజు వదిన కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే ఎందుకు మోగలేదని భయమేసేది. ఇరుగుపొరుగులు పలకరిస్తే సెలవు పెట్టానని చెప్పేది. లైసెన్సు పోతుందన్న భయం ఎంతైనా ఉంది, యాభై దాటాక ఆ చేతులకు ఇంకెవరు పనిస్తారు? అయితే ఆమెను కుదురుగా కూర్చోనివ్వనిది అది కాదు. సీసా గుంటలో నిటారుగా కూర్చోకపోతే యంత్రం తక్కువ చూపిస్తుంది, మొదటి రెండు అంకెలూ అలా వచ్చినవై ఉండొచ్చు. కాకపోతే సీసా అంచున కారిన చుక్క గుంట అడుగున పడి ఉన్నా యంత్రం దాన్నీ కలిపి ఎక్కువ చూపిస్తుంది, మూడోది అలా వచ్చిందై ఉండొచ్చు. తేల్చుకోవడం పెద్ద పని కూడా కాదు. సీసా బయటికి తీసి ఖాళీ గుంటను ఒకసారి కొలిస్తే చాలు, ఒక్క నిమిషం. ఆ నిమిషం ఆమె తీసుకోలేదు. మందు తక్కువ పడి ఉంటే ఎక్కడో ఒక మనిషి గొంతులో జబ్బు పూర్తిగా పోకుండా నక్కి ఉంటుంది. నయమైందనుకుని ఆ మనిషి నిశ్చింతగా తిరుగుతూ ఉండొచ్చు. ఆ మనిషెవరో ఆమెకు తెలియదు, లేబుల్ మీద ఉన్నది నంబరే.

ఈ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. చెబితే ఆయనకు ముందు గుర్తొచ్చేది ఆ పొద్దున్న తను కొట్టిన హారనే. ఆయన అసలే ఆ రెండు వారాలూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనట్టు అయిపోయాడు. బండి తుడుస్తూ నిలబడి, ఏమీ తుడవకుండా లోపలికి వచ్చేవాడు.

ఆ ఇంట్లో ఉత్సాహంగా ఉన్నది ఒక్క డిక్షనరీ బావ. గాజు వదిన అక్క మొగుడు, బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడు, పైవాటాలో కాపురం. బళ్లో పిల్లలు లేకపోయేసరికి ఇంట్లోవాళ్లకే పాఠాలు చెబుతూ వచ్చాడు, వినేవాళ్లు లేక దిగులు పడ్డాడు. మరదలికొచ్చిన కష్టమంతా ఒక మాట వల్ల వచ్చిందని తెలియగానే ఆయనకు పదేళ్లు తగ్గాయి. మనిషి చెడ్డవాడు కాదు, పాపం. వరద వస్తే ఈతగాడికి కొంచెం సంతోషంగా ఉంటుంది కదా.

నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చుని, ఐదో రోజు నోటు పుస్తకంతో కిందికి దిగాడు. ఆ మాట పుట్టుక ఆయన చెబుతుంటే గాజు వదినకు కాసేపు భయం మరుపున పడింది. లాటిన్‌లో మానుస్ అంటే చెయ్యి. దానికి నింపడమన్న మాట కలిసి మానిపులుస్ అయింది, అంటే గుప్పెడు. గుప్పెడు గడ్డి, గుప్పెడు ఆకులు. అప్పటి సైన్యంలో చిన్న దండును కూడా ఆ పేరుతోనే పిలిచేవారట, గడకర్రకు గుప్పెడు గడ్డి కట్టి జెండాగా పట్టుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారట. తర్వాత మందులు నూరేవాళ్లు మూలికలు కొలిచే కొలతకు ఆ పేరు వాడారు. ఆపైన రసాయనాల పనిముట్లను చేత్తో నేర్పుగా వాడడానికి వచ్చింది. మనుషుల్ని, లెక్కల్ని మాయగా తిప్పడమన్న వంకర అర్థం ఆఖర్న అతుక్కుంది.

"గుప్పెడు మందు కొలవడం దగ్గర మొదలైన మాట అమ్మా ఇది," అన్నాడు బావ, కళ్లు మెరుస్తుండగా. "ఆ పని చేసేదానివి నువ్వు. ఆ మాట నువ్వు వాడకపోతే ఎవరు వాడతారు?"

మళ్లీ తనే, "మన చేతివాటం మాట చూడు. చేతికున్న నేర్పనీ అంటాం, ఇంట్లో చెంచాలు మాయమైతే పనివాళ్లకు చేతివాటం ఉందనీ అంటాం. మాట చేసిన పాపానికి మనిషిని పట్టుకుంటారా?" అన్నాడు.

అక్క సంతోషించింది. భర్త అన్ని రోజుల్లో మొదటిసారి కంచం ఖాళీ చేశాడు. గాజు వదిన మాత్రం ఆ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయింది. నేర్పున్న చేతికి ఇంకో వాటం కూడా ఉంటుందన్నమాట. తనకు సరిపోయే అంకె వచ్చేదాకా దించి, వచ్చాక ఆపిన చెయ్యి ఎవరిది? ఆ రోజు అంకె చూడగానే హమ్మయ్య అనుకున్నది ఎవరు? ఈ సంగతి బావకు చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన నోటు పుస్తకాన్ని అంత అపురూపంగా మూస్తుంటే చెప్పలేకపోయింది.

విచారణ ల్యాబు మీటింగు గదిలోనే జరిగింది. పొడవాటి బల్ల, మంచినీళ్ల సీసాలు, గోడకు ఆగిపోయిన గడియారం. మధ్యలో అధ్యక్షురాలు, ఒకప్పుడు పేరున్న శాస్త్రవేత్త, తల పూర్తిగా నెరిసింది. ఒక పక్క ఇన్‌స్పెక్టరు. ఇంకో పక్క గాజు వదిన, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు కాబట్టి ఆమె పక్కన బావ. భర్త వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇరవై ఆరేళ్లలో వణకని చేతులు ఆ రోజు వణుకుతున్నాయి, అది ఎవరికీ కనపడకూడదని పమిట కొంగు చుట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు పేజీ చదివాడు. మర్యాదగానే చదివాడు, అతనికి ఆమె మీద కక్షేమీ లేదు. తర్వాత బావ లేచాడు. అంత బాగా ఆయన బళ్లో కూడా ఎప్పుడూ పాఠం చెప్పి ఉండడు. గుప్పెడు గడ్డి దగ్గర మొదలుపెట్టి మందుల కొట్టు మీదుగా ఉక్కు చేతుల దాకా నడిపించాడు. చేతివాటం అన్నప్పుడు అధ్యక్షురాలు నవ్వింది. ఆ తర్వాత ఆయన స్టోరు రూములోంచి తెప్పించిన పాత రిజిస్టర్లు తెరిచాడు. ప్రతి పేజీలోనూ అదే మాట. ఒకచోట మేస్త్రి స్వయంగా, ఫ్యూజు పోయి చీకటైతే ల్యాంప్ మానిప్యులేటెడ్ అని రాసుకున్నాడు. అది చూసి ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. తనకు తెలిసిన అర్థంలోనే చదివానని, ఇక్కడి వాడుక వేరని ఒప్పుకుంటున్నానని చెప్పి ఫైలు మూశాడు. మంచి కుర్రాడు.

అయిపోయింది, బయటపడ్డాను అనుకుంది గాజు వదిన. ఆ అనుకోవడం కూడా అచ్చం ఆ రోజు నూట ముప్పై ఎనిమిది చూసినప్పటి హమ్మయ్యలాగే ఉంది.

అధ్యక్షురాలు కలం తీసి, ఆనవాయితీ ప్రకారం అడిగింది. "మీరేమైనా చెప్పుకునేది ఉందా?"

బల్ల కింద బావ కాలితో గాజు వదిన కాలు తట్టాడు. లేదను అని.

ఆమె లేవబోయి మళ్లీ కూర్చుంది. నోరెండిపోయింది. మంచినీళ్ల సీసా ఎదురుగానే ఉన్నా, చెయ్యి చాపితే వణుకు బయటపడుతుందని చాపలేదు.

"మాట గురించి బావగారు చెప్పింది నిజమే మేడమ్," అంది. "కానీ ఆ రోజు నేను రెండు అర్థాల్లోనూ చేశాను."

ఆమె ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పేసింది. మొదట నూట ఇరవై ఎనిమిది, తర్వాత నూట ఇరవై ఏడు, ఆ తర్వాతే నూట ముప్పై ఎనిమిది. చుక్కలు కారిన సంగతి, ఖాళీ గుంట కొలవని సంగతి, మొదటి రెండూ ఎక్కడా రాయని సంగతి, అన్నీ. మూడోది నిజమే అయి ఉండొచ్చని కూడా చెప్పింది. నిజమో కాదో చూడకుండా, సరిపోయే అంకె వచ్చింది కదా అని తీసుకున్నానంది.

"ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా తొందరపెట్టారా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"లేదు మేడమ్."

ఆ గదిలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని తప్పుపట్టే మనిషిని నేనైతే కాదు.

బావ నోటు పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, మూసే ఉన్న దాన్నే మళ్లీ మూశాడు. ఇన్‌స్పెక్టరు తల వంచుకుని ఫైలు తెరిచాడు, ఈసారి రాసుకోవడానికి. అధ్యక్షురాలు కళ్లజోడు బల్ల మీద పెట్టింది.

"మేం ముగించేశాం. మీరు ఊరుకుని ఉంటే సరిపోయేది," అంది. ఆ గొంతులో కోపం లేదు, బాధే ఉంది. "ఇక నేను మీ లైసెన్సు తిరిగి ఇవ్వలేను. తెలుసు కదా?"

తెలుసంది. అంతవరకూ బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. ఇరవై ఆరేళ్ల పని పోతుంటే ఎవరికి రాదు? కొంగుతో తుడుచుకుంది, చేతుల వణుకు అందరికీ కనపడింది, కనపడితే కనపడనీ అనుకుంది.

అధ్యక్షురాలు ఆస్పత్రి డాక్టరుకు అక్కడి నుంచే ఫోను చేసి, స్పీకరు పెట్టి సంగతి చెప్పింది. అవతల డాక్టరు అంకెలు అడిగితే గాజు వదినే చెప్పింది. తమ యంత్రం రిపేరులో ఉందని, ఆ వారమంతా లేబుల్ చూసే ఇచ్చామని అతను ఒప్పుకున్నాడు. మళ్లీ పరీక్ష ఆరు నెలల తర్వాతే పెట్టుకున్నారట. ఇప్పుడే తెలిసింది కాబట్టి రేపే పిలిపించి చూస్తామని, మందు తక్కువ పడిందని తేలితే ఇంకో విడత ఇవ్వొచ్చని అన్నాడు. సమయం మించిపోలేదన్నాడు.

తర్వాత కాస్త తటపటాయించాడు. "ఆవిడ అడుగుతుందమ్మా, ఎందుకు మళ్లీ రమ్మన్నారని. యంత్రంలో ఏదో తేడా వచ్చిందని చెప్పేస్తాను, సరేనా?"

ఆవిడ. అప్పటిదాకా లేబుల్ మీద నంబరే. గాజు వదిన బల్ల మీదికి వంగి ఫోనుకు దగ్గరగా జరిగింది.

"యంత్రం అనకండి డాక్టరుగారూ. అది రెండుసార్లు ఒకే మాట చెప్పింది. విననిది నేను. ఆవిడతో అలాగే చెప్పండి."

సరేనమ్మా, అలాగే చెబుతానన్నాడు డాక్టరు.